టేపత్త కొట్టు తలుపు

పాతగా కనిపించే కొట్లకి మునిసిపాలిటీ డబ్బులిస్తుందట. ఎంత పాతగా ఉంటే అంత ఎక్కువట. ఈ మాట మా వీధికి మోసుకొచ్చింది టీకొట్టామె. ఆమెకి చెప్పింది మునిసిపల్ ఆఫీసులో ఫైళ్ళు మోసే మనిషి. ఫైళ్ళు మోస్తాడు కాబట్టి అందులో ఉన్నదంతా తనకి తెలుసని అతని నమ్మకం. అతను రోజూ తన దగ్గరే టీ తాగుతాడు కాబట్టి అతనికి తెలిసినదంతా తనకి తెలుసని ఆమె నమ్మకం.

"మన వీధిని హెరిటేజ్ వీధి చేశారంట తాతా. సోమవారం ఇంజినీరు వస్తాడంట. పాత కొట్టు కనిపిస్తే పేరు రాసుకుంటాడంట, మెరిసిపోయే కొట్టు కనిపిస్తే మొహం తిప్పుకుని పోతాడంట" అని ఆమె బైండింగ్ తాత చెవిలో వేసింది. తాత కళ్ళజోళ్ళ కొట్టులో చెప్పాడు. అక్కణ్ణుంచి పూలకొట్టు, తాళాల కొట్టు, సైకిల్ షాపు దాటి వీధి చివరికి చేరేసరికి ఆ మాట "పాతగా లేని కొట్లని పీకేస్తారంట" అయి కూర్చుంది.

ఇంకేముంది. శనివారం మధ్యాహ్నం నుంచి వీధి వీధంతా ముసలితనం కోసం నడుం కట్టింది. కళ్ళజోళ్ళాయన కిందటేడు వేయించిన రంగుని గరుకు కాగితంతో తనే గీకేసుకున్నాడు. సైకిల్ షాపు వాళ్ళు అటక మీది తుప్పు సైకిలొకటి దించి గుమ్మం మీద వేలాడదీశారు. తాళాలాయన తన గుమ్మాన్ని సుత్తితో అక్కడక్కడా కొట్టి సొట్టలు పెట్టాడు. ఒక దెబ్బ గురి తప్పి వేలికి తగిలింది. "వేలు మాత్రం నిజంగానే పాతబడింది" అని ఆయన భార్య కట్టు కట్టింది.

అందరికంటే తెలివైన ఉపాయం బైండింగ్ తాతది. ఆయన పనిలో ఒక కిటుకుంది. పాత పుస్తకానికి చిరిగిన పేజీ అతకాల్సొస్తే కొత్త కాగితం మీద టీ డికాషన్ పూసి ఆరబెడతాడు. అది యాభై ఏళ్ళ కాగితంలా తయారవుతుంది. కాగితానికి పనిచేసేది చెక్కకి పనిచెయ్యదా అన్నది ఆయన ఆలోచన. ఆదివారం సాయంత్రం టీకొట్టులో మిగిలిన టీ బకెట్టుడు పట్టుకొచ్చి తలుపులకి, కిటికీలకి, గుమ్మాలకి కుంచెతో పూశాడు. రంగు అదిరిపోయింది. చూసినవాళ్ళు చూసినట్టు తలా ఒక చెంబు పట్టుకుని టీకొట్టు ముందు వరస కట్టారు. చీకటి పడేలోపు వీధిలో సగం కొట్లు టీ తాగి కూర్చున్నాయి.

మిగిలిన టీలో చక్కెర ఉంటుందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఈ హడావుడిలో చెయ్యి పెట్టని మనిషి ఒక్కతే. వీధి నడుమ దర్జీ కొట్టు నడిపే టేపత్త. అరవై దాటిన మనిషి. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా మెడలో గుడ్డ టేపు వేలాడుతుంది కాబట్టి ఆ పేరు. జాకెట్లు, గౌన్లు, స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆవిడ కొట్టుకి పాతదనం తేవడానికి వీల్లేదు, ఎందుకంటే ఆ కొట్టు మొహమంతా ఒకే ఒక్క ఇనప షట్టర్. దాని మీద టీ పోస్తే కిందికి కారిపోతుంది, అంతే.

ఆ షట్టరే ఆవిడ తలనొప్పి. తలనొప్పి కాదు, భుజం నొప్పి. రెండేళ్ళ కిందట కుడి భుజం పట్టేసింది. కత్తెర ఆడుతుంది, మిషను నడుస్తుంది, కానీ ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవదు. డాక్టరు లేపమన్నాడు, భుజం లేవనంది. షట్టరేమో వంగి రెండు చేతులా పట్టుకుని ఒక్క ఊపుతో నెత్తి మీదికి ఎగదోస్తే తప్ప కదలదు. అందుకని రోజూ తొమ్మిదింటికి ఆవిడ తాళం తీసి, గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది. పక్క కొట్టులోంచి మరిది వచ్చి ఎత్తాలి.

మరిదికి ఫ్లెక్సీలు ప్రింటు చేసే కొట్టుంది. వీధిలో అందరూ ఫ్లెక్సీ బాబాయి అంటారు. చెడ్డవాడు కాదు. అడిగితే కాదనడు, కానీ చేసిన సాయాన్ని నేల మీద పడనివ్వడు. వస్తూనే చొక్కా చేతులు మడుస్తాడు. వీధి ఆ చివరా ఈ చివరా ఎవరైనా చూస్తున్నారో లేదో చూసుకుంటాడు. అప్పుడు ఎత్తుతాడు.

"నేను లేకపోతే నీ కొట్టు తెరుచుకునేదేనా వదినా?"

"లేదయ్యా" అంటుంది టేపత్త. రోజూ అదే ప్రశ్న, అదే జవాబు.

కిందటి నెల అతను చెప్పకుండా ఎవరిదో పెళ్ళికి మూడు రోజులు పోయాడు. మొదటి రోజు దారిన పోయేవాళ్ళని బతిమాలి ఎత్తించుకుంది. రెండో రోజు ఎవరూ దొరకలేదు. మూడో రోజు బతిమాలబుద్ధి కాలేదు. ఆ రెండు రోజుల్లో స్కూలు వాళ్ళు వచ్చి, మూసిన షట్టర్ చూసి, యూనిఫారాల పని ఇంకొకరికి ఇచ్చేశారు. తిరిగొచ్చిన మరిది మొహం జాలిగా పెట్టి, "ఇంకెన్నాళ్ళు వదినా ఈ అవస్థ. ఈ ఏడాది ఆఖరుదాకా చూద్దాం. ఆ తర్వాత నడిమి గోడ తీసేసి నా కొట్లో కలిపేస్తా. నువ్వు ఇంటి దగ్గర కూర్చుని హాయిగా కుట్టుకుందువుగాని" అన్నాడు.

టేపత్త మళ్ళీ మిషను ముందు కూర్చుంది. సొంత కొట్టు తెరుచుకోలేని మనిషి ఏమంటుంది. కానీ ఆ రోజు మూడు జాకెట్లకి కాజాలు తప్పు చోట తీసింది. అలాంటిది నలభై ఏళ్ళలో జరగలేదు.

*

సోమవారం పొద్దున ఇంజినీరు దిగాడు అని చెప్పడానికి లేదు, దిగింది. ముప్పై ఏళ్ళ లోపు అమ్మాయి. భుజాన సంచి, చేతిలో స్టీలు టేపు. ఆ సరికి వీధి తలుపులన్నీ కదులుతున్నాయి. దగ్గరికెళ్ళి చూస్తే కదిలేది తలుపులు కాదు, చీమలు. గుమ్మం నుంచి గడప దాకా, గడప నుంచి బోర్డు దాకా నల్లటి బారులు. బైండింగ్ తాత పొద్దున్నుంచీ చీపురుతో దులుపుతున్నాడు. ఆయన చొక్కాలోకి కొన్ని వెళ్ళినట్టున్నాయి, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో గెంతుతున్నాడు.

"ఈ తలుపు ఎన్నాళ్ళదండీ?" అంది ఇంజినీరమ్మ.

"వందేళ్ళు దాటింది తల్లీ."

ఆ అమ్మాయి వేలితో తలుపు తాకింది. వేలు అంటుకుంది. వాసన చూసుకుంది. "తలుపుకి వందేళ్ళేమో గానీ, దీంట్లో అల్లం నిన్నటిదే."

తాత అటూ ఇటూ చూసి, "టీ మాత్రం ఆవిడ పెట్టిందే" అని టీకొట్టు వైపు చూపించాడు. తప్పంతా టీదే అన్నట్టు.

ఇంజినీరమ్మ కోప్పడుతుందేమో అనుకున్నారు. ఆవిడ సంచీ గడప మీద పెట్టి, నవ్వు ఆపుకోలేక అక్కడే కూలబడింది. నవ్వు తగ్గాక వీధినంతా పోగేసి చెప్పింది. "డబ్బులిచ్చేది పాతగా కనబడటానికి కాదండీ. ఉన్న పాతదాన్ని శుభ్రం చేసి బయటపెట్టడానికి. ముందు ఈ టీ కడిగేయండి. తర్వాత ఫ్లెక్సీలు దించండి, వాటి కింద ఏముందో చూద్దాం. బోర్డు చేత్తో రాయించుకోవాలి, ఆ ఖర్చు మాది. షట్టర్ తీసి చెక్క తలుపు పెట్టుకోవాలన్నా ఖర్చు మాదే. కానీ ఆ తలుపు ఆ కొట్టుదే అయ్యుండాలి. ముక్క తక్కువ కాకుండా మొత్తం ఉండాలి. కొత్త తలుపు చేయించడానికి మా దగ్గర రూల్ లేదు. పది రోజుల్లో మళ్ళీ వస్తాను."

"ఫ్లెక్సీలు దించితే నేనేం తినాలి?" అన్నాడు వెనకాల నుంచి ఫ్లెక్సీ బాబాయి. వీధిలో ప్రతి బోర్డూ అతని మెషిన్లోంచి వచ్చిందే. అందరూ తమ తమ బోర్డుల వంక చూసుకున్నారు. ఇంజినీరమ్మ మాత్రం, "లోపల పెట్టుకోవచ్చండీ, కొట్టు మొహం మీద కుదరదు" అంది. అతనికది నచ్చలేదు.

ఒక్కో కొట్టూ కొలుచుకుంటూ ఆ అమ్మాయి టేపత్త దగ్గరికి వచ్చింది. వదిన వెనకాలే మరిదీ వచ్చి నిలబడ్డాడు.

"మీ కొట్టుకి ఇంతకుముందు ఏ తలుపుండేదమ్మా?"

"పలకల తలుపు. ఏడు పలకలు. పైన ఒక గాడి, కింద ఒక గాడి. ఒక్కో పలకా తెచ్చి గాట్లో నిలబెట్టి పక్కకి జరపడమే. తీసేటప్పుడూ అంతే, ఒకటొకటిగా తీసి గోడకి ఆనించడం. చిన్నపిల్ల తీసేది." టేపత్త ఎడమ చెయ్యి గాల్లో పలక జరుపుతున్నట్టు జరిగింది. "నేను కాన్పుకి పుట్టింటికి పోయినప్పుడు మా ఆయన షట్టర్ పెట్టించాడు. పలకలేవయ్యా అంటే కట్టెల అడితికి వేశానన్నాడు. ఆయనే పోయి ఆరేళ్ళయింది, ఇక పలకల్ని ఎక్కణ్ణుంచి తెచ్చేది."

"అయ్యో" అంది ఇంజినీరమ్మ నిజంగానే. ఆపైన ఊరికే పోకుండా గుమ్మం కొలిచి కాగితం మీద రాసుకుంటూ పైకి చదివింది. "గాడి నుంచి గాడికి ఆరడుగుల ఎనిమిది అంగుళాలు."

టేపత్త మెడలోని టేపు రెండు చివరలూ పట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఆవిడకి ఆ కొలత కొత్త కాదు. కొట్లో గుడ్డ కత్తిరించే బల్ల పొడుగు అదే. పైన దుప్పటి, దాని మీద తెల్లగుడ్డ బిగించి మేకులు కొట్టిన బల్ల. పుట్టింటి నుంచి వచ్చేసరికి భర్త షట్టర్‌తో పాటు దాన్నీ సిద్ధం చేసి, "నీకోసం కొత్త టేకు బల్ల" అని చూపించాడు. మొదటి రోజు నుంచే ఆవిడకి ఆ బల్లతో పేచీ. రెండు గజాలు పోను ఎనిమిది అంగుళాలు మిగులుతుంది. సరిగ్గా రెండు గజాలుంటే గుడ్డని కొలవక్కర్లేకుండా అంచు నుంచి అంచుకి పరిచి కత్తిరించుకోవచ్చు. "డబ్బులు పోసి కొన్నవాడివి, ఆ ఎనిమిది అంగుళాలు కోయించకపోయావా" అని ఆయన బతికున్నన్నాళ్ళూ సాధించింది. ఆయన ఎప్పుడూ కోయించలేదు. "చెక్క అంతే దొరికింది" అని వీధిలోకి పోయేవాడు.

"అమ్మాయీ, ఆ కొలత ఇంకోసారి చదువు."

"ఆరు ఎనిమిది అమ్మా."

టేపత్త కత్తెర మొన బల్ల అంచు కింద దూర్చి మేకు పెకలించింది. గుడ్డ కత్తిరించే కత్తెరతో మేకు తీయడమంటే దర్జీకి ఎంత పాపమో, ఒకప్పుడు పని నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకి ఆవిడే వంద సార్లు చెప్పి ఉంటుంది. తెల్లగుడ్డ లేచింది, దుప్పటి లేచింది. కింద ఐదు పలకలు పక్కపక్కనే పడుకుని ఉన్నాయి. ఇంజినీరమ్మ మోకాళ్ళ మీద బల్ల కిందికి దూరి ఫోను లైటు వేసింది.

"పచ్చరంగుందమ్మా. అంకెలు కూడా ఉన్నాయి, తారుతో రాసినట్టున్నారు. ఒకటి... రెండు... ఇది నాలుగు... ఐదు... ఏడు."

బయట జనం మూగారు. ముప్పై ఏళ్ళకి పైగా తన తలుపు మీదే గుడ్డలు కత్తిరిస్తున్నానని టేపత్తకి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టింది. "కొత్త టేకు బల్లంట. పుట్టింటి వాళ్ళందరికీ చెప్పుకున్నాను కదమ్మా. మా వదిన కుళ్ళుకుంది కూడాను." నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "ఎనిమిది అంగుళాలు కోయించమంటే వీధిలోకి పారిపోయేవాడు. కోయిస్తే గుట్టు బయటపడుతుందని."

మూడో నంబరు పలక దొరకడానికి ఎంతోసేపు పట్టలేదు. ఇస్త్రీ చేసిన బట్టలు పెట్టే గూటి బల్ల అదే. ఇక మిగిలింది ఆరో నంబరు ఒక్కటే. గూళ్ళు, అటక, మిషను వెనక అంతా చూశారు. లేదు.

"ఆరో దాని గురించి నీకేమైనా తెలుసా?" అంది టేపత్త మరిదిని చూసి.

మరిది తన కొట్టు వైపు చూసి, "నా దగ్గరుంది" అన్నాడు. "అన్నయ్య నాకిచ్చాడు. మెషిను ముందు కాళ్ళు దాని మీదే ఉన్నాయి. నేల పల్లం. పలక తీస్తే మెషిను వంగుతుంది, ప్రింటు వంకరపోతుంది. ఇవ్వడం కుదరదు వదినా."

"ఇటుకలు పెట్టుకోవచ్చు కదయ్యా."

"ఇటుకలు అదురుతాయి. అయినా ఎందుకిప్పుడు ఇదంతా. నేను ఎత్తడం లేదా?"

అని అతను తన కొట్లోకి వెళ్ళిపోయాడు. ఇంజినీరమ్మ ఫారం మీద ఆరు పలకలు అని రాసి, పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న గుర్తు వేసుకుని, "పది రోజులమ్మా" అని చెప్పి కదిలింది.

*

ఆ పది రోజులూ వీధిలో పండగలా ఉంది. టీ కడిగారు, చీమల్ని సాగనంపారు, ఫ్లెక్సీలు దించారు. దించిన ప్రతి ఫ్లెక్సీ కిందా ఏదో ఒకటి బయటపడింది. పూలకొట్టు ఫ్లెక్సీ వెనక సున్నంతో చేసిన రెండు చిలకలు దొరికాయి, ఒకదానికి ముక్కు లేదు. కళ్ళజోళ్ళ కొట్టు వెనక రంగు అద్దాల కిటికీ ఉంది. ఇన్నేళ్ళూ పట్టపగలు లైటు వేసుకుని కూర్చున్నానని ఆయన తన్ను తాను తిట్టుకున్నాడు. అందరూ ఫ్లెక్సీలు తెచ్చి ఫ్లెక్సీ బాబాయి కొట్టు ముందు పడేసి పోయారు. వాటి మధ్య కూర్చున్న అతను మొహం గంటు పెట్టుకుని, పరుపుల వ్యాపారిలా ఉన్నాడు.

ఐదో రోజున బైండింగ్ తాత తన ఫ్లెక్సీ దించాడు. దాని వెనక గోడ మీద నీలం రంగు అక్షరాలు, ప్రతి అక్షరానికీ పసుపుపచ్చ నీడ. సాయంకాలం ఎండ పడితే అక్షరాలు గోడ మీంచి లేచి నిలబడినట్టున్నాయి. టీకొట్టామె గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే చూస్తూ, "ఎవరు రాశారు తాతా ఇవి?" అంది.

"ఎవరేంటే. మన ఫ్లెక్సీ బాబాయే. అప్పుడు మీసాలు కూడా రాలేదు వాడికి. నిచ్చెన దిగకుండా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా రాశాడు. అన్నం కూడా పైకే అందించాం. తర్వాత ఆ మెషిను కొన్నాడు. కొన్నాక మళ్ళీ కుంచె పట్టుకోలేదు."

ఆ మాట చెవిన పడిందో ఏమో, మరునాటి నుంచి ఫ్లెక్సీ బాబాయి ఏదో ఒక వంకతో తాత కొట్టు ముందు నుంచి నడవడం మొదలుపెట్టాడు. సుతిలి తాడు కావాలని ఒకసారి, జిగురు కావాలని ఒకసారి. సుతిలి అతనికి దేనికో తాతకి తెలియదు, అడగలేదు. ఇచ్చాడు.

పలక సంగతి మాత్రం కదల్లేదు. తొమ్మిదింటికి రావడం, చొక్కా చేతులు మడవడం, షట్టర్ ఎత్తడం మామూలే. టేపత్త రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అతను మెషిను గురించి చెప్పాడు. ఏడాది ఆఖరుకి ఎన్ని రోజులున్నాయో ఇద్దరికీ తెలుసు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం తోటికోడలు వచ్చింది. ఫ్లెక్సీ బాబాయి భార్య. తక్కువ మాట్లాడే మనిషి. కొంగు నడుముకి దోపుకుని గుమ్మంలో నిలబడింది.

"అక్కా, మిషను ఆపి ఒకసారి ఇటు రా. పలక లాగాలి."

"ఆయన ఏడీ?"

"తాత కొట్టు ముందున్నాడు. ఈసారి సూది కావాలంట. ఇంకో అరగంట దాకా రాడు."

"తెలిస్తే ఒంటికాలి మీద లేస్తాడు కదే."

"లేవనీ. అక్కా, నీకు తెలీదు. రోజూ నీ షట్టర్ ఎత్తి వీరుడిలా లోపలికొస్తాడా, రాగానే చొక్కా విప్పి బోర్లా పడుకుంటాడు. వీపుకి మందు రాయాలి నేను. రెండేళ్ళుగా రాస్తున్నాను. చేతులకి ఆ వాసన పోవట్లేదు, అన్నం తింటే అన్నం కూడా అదే వాసన. ఆయనేమో నీతో చెప్పనివ్వడు. ఆ షట్టర్ పోతే నీ భుజం కంటే ముందు నా చేతులు బాగుపడతాయి."

టేపత్త మిషను ఆపింది. లేచింది.

టీకొట్టామెని కూడా పిలిచారు. ఫ్లెక్సీ కొట్లో తోటికోడలు ఒక పక్క, టీకొట్టామె ఒక పక్క మెషిను ముందు కాళ్ళు పైకెత్తితే, టేపత్త నేల మీద చతికిలబడి ఎడమ చేత్తో పలక లాగింది. వచ్చేసింది. ఎత్తిన కాళ్ళ కింద ఏదో ఒకటి పెట్టాలి. తోటికోడలు చుట్టూ చూసి, వీధి వాళ్ళు పడేసి పోయిన ఫ్లెక్సీలు నాలుగు మడతలు పెట్టి కింద తోసింది. కళ్ళజోళ్ళ కొట్టు, పూలకొట్టు, తాళాల కొట్టు ఒకదాని మీద ఒకటి. మెషిను వాటి మీద మెత్తగా కూర్చుంది. తోటికోడలు గ్లాసులో నీళ్ళు పోసి మెషిను మీద పెట్టి చూసింది. నీళ్ళు సమంగా ఉన్నాయి.

"మొగుడి వ్యాపారం కూడా చూసుకోవాలి కదా" అంది.

ఫ్లెక్సీ బాబాయి సూది పట్టుకుని తిరిగొచ్చేసరికి మెషిను తన పాటికి తాను ఆడుతోంది, తోటికోడలు బియ్యం ఏరుతోంది. అతను మెషిను కాళ్ళ వంక చూశాడు.

"పలకేది?"

"దాని కొట్టుకి అది వెళ్ళింది."

"నన్నడక్కుండా?"

"అక్క రెండుసార్లు అడిగిందిగా. మూడోసారి నేను అడుగుదామనుకున్నా, మీరేమో సూది కోసం పోయారు."

అతను ప్రింటైన ఫ్లెక్సీ ఒకటి లాగి చూశాడు. వంకర లేదు. అందులో తప్పు పట్టడానికేమీ లేకపోవడం అతన్ని మరీ ఇబ్బంది పెట్టింది. గబగబా టేపత్త కొట్టుకి వెళ్ళాడు. ఆవిడ ఆరో పలకని ఒళ్ళో పెట్టుకుని తడిగుడ్డతో తుడుస్తోంది. మెషిను నుంచి కారిన నాలుగు రంగులూ దాని మీద ఉన్నాయి.

"అయితే ఇక నాతో నీకేం పని లేదన్నమాట వదినా."

టేపత్త తల ఎత్తలేదు. "పని లేకేం. బోర్డు ఎవరు రాస్తారు? మీ అన్నయ్య లేచొచ్చి రాస్తాడా?"

అతను గుమ్మంలోనే నిలబడ్డాడు. కుడి అరచెయ్యి చూసుకుని, "చెయ్యి వణుకుతుంది వదినా. కుంచె పట్టుకుని పద్దెనిమిదేళ్ళయింది" అన్నాడు. అంత మెల్లగా అతను మాట్లాడటం ఆవిడ వినడం అదే మొదలు.

"అయితే ముందు పూలకొట్టుది రాయి. పూల తీగల్లో వంకరలు కలిసిపోతాయి. తర్వాత తాతది. చెయ్యి కుదిరాక నాది చివర్న రాద్దువుగాని. నా బోర్డు వంకరొస్తే మాత్రం ఊరుకోను, నాకు కొలతలు తెలుసు."

*

పదో రోజు ఇంజినీరమ్మ వచ్చి ఏడు పలకలూ లెక్కపెట్టుకుంది. పెన్సిల్ ప్రశ్న గుర్తు రబ్బరుతో చెరిపేసింది. బోర్డులు రాసేదెవరని అడిగితే పదిమంది ఒకేసారి ఒకవైపు చెయ్యి చూపించారు. ఫ్లెక్సీ బాబాయి కళ్ళు నేల మీద పెట్టుకుని, "మంచి కుంచెలు కావాలండీ, నాసిరకం తెస్తే నేను రాయను" అన్నాడు.

ఆపైన రెండు నెలలు అతను నిచ్చెన మీదే కాపురం. తోటికోడలు కింద నిచ్చెన పట్టుకుని ఎడమకి పోతోంది, కుడికి పోతోంది అని చెబుతుంటే, "నీకేం తెలుసే" అంటూనే చెప్పినట్టు దిద్దుకునేవాడు. పూలకొట్టు బోర్డు నిజంగానే కొంచెం వణికింది. తాతది వణకలేదు. నాలుగో బోర్డు నుంచి అతను ఈల వేయడం మొదలుపెట్టాడు. వీధిలో అతనికి ఈల వచ్చని తెలిసినవాళ్ళు తాత తప్ప ఎవరూ లేరు. మెషిను అమ్మలేదు. కానీ మధ్యాహ్నాల్లో దాని మీద గుడ్డ కప్పేసేవాడు.

వడ్రంగి వచ్చి టేపత్త కొట్టు షట్టర్ ఊడదీసి, గుమ్మానికి పైనా కిందా పూడుకుపోయిన పాత గాళ్ళు మళ్ళీ తీశాడు. పలకలన్నీ తలుపుకి పోయాయి కాబట్టి కొత్త బల్ల కావాలి. అది గ్రాంటులో లేదు. బైండింగ్ తాత తన దగ్గర ఊరికే పడున్న చెక్క ఇచ్చాడు. "పొడుగెంత పెట్టమంటారు?" అని వడ్రంగి అడిగితే, టేపత్త మెడలోంచి టేపు తీసి అతని ముందు పరిచి, "సరిగ్గా రెండు గజాలు. ఒక్క అంగుళం ఎక్కువైందో నిన్ను కుట్టేస్తా" అంది. అతను అలాగే చేశాడు. మొదటి రోజే సుద్దముక్కలు, పిన్నుల డబ్బా, టీ గ్లాసు పెట్టుకోవడానికి చోటు లేక అన్నీ కింద పడ్డాయి. ఇన్నేళ్ళూ అవన్నీ ఆ ఎనిమిది అంగుళాల్లోనే ఉండేవని అప్పుడు తెలిసింది. ఈ సంగతి ఆవిడ ఎవరితోనూ చెప్పలేదు. వడ్రంగిని రహస్యంగా పిలిపించి చిన్న చెక్క ఒకటి అతికించుకుంది.

తలుపు బిగించిన మరునాడు తొమ్మిదింటికి వీధిలో ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నట్టు నటిస్తూ అందరూ అక్కడే ఉన్నారు. టేపత్త తాళం తీసింది. ఎడమ చేత్తో ఏడో పలక పట్టుకుని కొంచెం పైకి లేపి, కింది అంచు గాట్లోంచి తప్పించి, బయటికి తీసి గోడకి ఆనించింది. తర్వాత ఆరోది. నాలుగోది మొరాయిస్తే కాలి బొటనవేలితో కింద తట్టింది, ముప్పై ఏళ్ళు దాటినా ఎక్కడ తట్టాలో ఆ కాలికి గుర్తుంది. ఏడూ తీసేసరికి ఒక పాట పాడుకునేంతసేపు కూడా పట్టలేదు. వెలుతురు కొట్టు వెనక గోడదాకా పోయి మిషను మీద పడింది.

ఆవిడ కాసేపు నిలబడి చూసింది. మళ్ళీ ఏడు పలకలూ పెట్టి తాళం వేసింది. మళ్ళీ తీసింది.

"ఏంటత్తా, కొట్టు తెరుస్తున్నావా మూస్తున్నావా?" అంది టీకొట్టామె.

"నీకెందుకే. నా ఇష్టం" అంది టేపత్త. ఆ మాట అనడం ఆవిడకి ఎంత రుచిగా ఉందో దూరంగా ఉన్నవాళ్ళకి కూడా కనిపించింది. ఆ రోజు మూడుసార్లు తెరిచి మూడుసార్లు మూసింది. మరిది తొమ్మిదింటికి అలవాటు కొద్దీ బయటికొచ్చి, చొక్కా చేతులు మడిచి, ఏం చేయాలో తెలియక తీసిన పలకలు గోడకి సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, తన నిచ్చెన దగ్గరికి పోయాడు.

అన్ని కొట్లూ పూర్తయ్యాక మునిసిపల్ కమిషనర్ గారు ప్రారంభానికి వచ్చారు. టేపత్త కొట్టు ముందే రిబ్బను కట్టారు. పక్కన ఇంజినీరమ్మ ఉంది, ఫోటోల వాళ్ళున్నారు. కొత్త బోర్డు ఎర్రటి అక్షరాలతో పైన మెరుస్తోంది. ఒక్క వంకరైనా లేదు, టేపత్త టేపు పెట్టి చూసుకుంది. కమిషనర్ గారు చాలాసేపు మాట్లాడారు. పూర్వుల కళ, చెక్కలో దాగిన చరిత్ర, ముందు తరాలకి మనం అందించాల్సిన సంపద. ఫైళ్ళు మోసే మనిషి ప్రతి వాక్యానికీ తల ఊపాడు, అదంతా తను మోసిన ఫైల్లోదే కాబట్టి. చివర్న కమిషనర్ గారు మైకు టేపత్త నోటి ముందు పెట్టారు.

"చెప్పండమ్మా. మన వారసత్వ సంపదని కాపాడుకోవాలని మీకు ఎప్పుడనిపించింది?"

"అలా ఎప్పుడూ అనిపించలేదు బాబూ. నా కొట్టు నేను తెరుచుకోవాలనిపించింది."